స్పితికి సిమ్లా వైపు నుంచే వెళ్లండి

హిమాచల్‌లోని స్పితి లోయకు రెండు దారులున్నాయి. మనాలి నుంచి స్పితిలోని ప్రధాన పట్టణం కాజాకు సుమారు 200 కిలోమీటర్లు. సిమ్లా నుంచి కిన్నౌర్ మీదుగా అయితే అందుకు రెట్టింపు. సెప్టెంబరులో మేం దూరపు దారిన ఎక్కి, దగ్గరి దారిన దిగాం. అరవై దాటిన నాన్నగారు వెంట ఉన్నారు కాబట్టి అదే సరైన పని అని గట్టిగా చెబుతాను. మనాలి ఎత్తు 2,050 మీటర్లే. అక్కడ తెల్లవారుజామున బయలుదేరితే ఆ రోజే 4,551 మీటర్ల కున్‌జుమ్ కనుమ ఎక్కాలి. పలచటి గాలికి ఒళ్లు అలవాటు పడే వ్యవధే ఉండదు. సిమ్లా దారిలో మేం కల్పాలో, నాకోలో, టాబోలో ఒక్కో రాత్రి ఆగాం. కాజా చేరేదాకా నాన్నగారికి తలనొప్పి కూడా రాలేదు.

కిన్నౌర్ దారీ తక్కువదేమీ కాదు. తరండా దగ్గర కొండను తొలిచి రోడ్డు వేశారు. నెత్తిమీద బండ చూరులా వేలాడుతుంటే, అగాధంలో సట్లెజ్ సన్నటి గీతలా కనిపిస్తుంది.

బసల్లో నా ఓటు టాబోకే. క్రీ.శ. 996లో కట్టిన మట్టి గోడల బౌద్ధారామం పక్కనే అతిథిగృహం: శుభ్రమైన గది, బరువైన రజాయి, బకెట్టు వేడినీళ్లు, చెప్పలేనంత నిశ్శబ్దం. కాజాలో హోటళ్లు ఎక్కువే కానీ దుమ్ము, రద్దీ. అక్కడ పెట్రోలు నింపుకోవడం మాత్రం మరవకండి.

సిమ్లా నుంచి వచ్చిన మా డ్రైవర్‌కు కున్‌జుమ్ అవతలి దారి తెలియదు. ఆ సంగతి ట్రావెల్స్ వాళ్లు ముందు చెప్పలేదు. కాజా టాక్సీ స్టాండులో స్పితి కుర్రాడిని మళ్లీ మాట్లాడుకున్నాం. రెండుసార్లు డబ్బు కట్టినందుకు నాకు చింత లేదు. కున్‌జుమ్ దిగాక బాతల్ నుంచి గ్రామ్‌ఫూ దాకా అది రోడ్డు కాదు, నది వదిలేసిన రాళ్ల గుట్ట. చంద్రా నది పక్కనే హోరెత్తుతుంటుంది. హిమానీనదాల నీళ్లు దారికి అడ్డంగా పారుతుంటాయి. ఎండెక్కేకొద్దీ మంచు కరిగి మధ్యాహ్నానికి ఆ వాగులు పొంగుతాయి. అందుకే మా కొత్త డ్రైవర్ చంద్రతాల్ సరస్సు దగ్గరి బస నుంచి తెల్లవారుజామున అయిదింటికే బయలుదేరదీశాడు. ఛత్రు దగ్గర వాగులో ఒక చిన్న కారు ఇరుక్కుని ఉంది. ముందురోజు సాయంత్రం దాటబోయి, ఆ కుటుంబం రాత్రంతా అందులోనే గడిపిందట. మావాడు మోకాలి లోతు నీళ్లలో దిగి, రాళ్లు సర్ది, తాడు కట్టి లాగాడు. ఆ తర్వాతే మా బండిని దాటించాడు.

చంద్రతాల్ గుడారాల్లో పెద్దవాళ్లతో పడుకోవడం నేనిక చేయను. 4,250 మీటర్ల ఎత్తులో నాన్నగారు ఆ రాత్రంతా ఆయాసపడుతూ కూర్చునే ఉన్నారు. సరస్సు చూసి, వెనక్కి వచ్చి, కాస్త దిగువన ఉన్న లోసర్‌లో నిద్రచేసి చీకటితోనే బయలుదేరడం మేలు.

మనాలికి ముందు వచ్చే 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం నిమిషాల్లో దాటేశాం. మనాలిలో దిగగానే నాన్నగారు తన ఉన్ని శాలువా తీసి డ్రైవర్ భుజాన కప్పారు. మర్నాడు తెల్లవారకముందే అతను అదే దారిన ఒంటరిగా వెనక్కి వెళ్లాలి.