రికార్డ్ ప్లేయర్ కింద స్ప్రింగ్ పాదాలు: కొన్ని వేసవులు వాడాక

తీర్పు ముందే చెప్పేస్తాను. మా ఇంట్లో రికార్డుల శబ్దం బాగుపడిందంటే అందులో సగం పుణ్యం స్ప్రింగ్ పాదాలది, అంటే కుదుపులు పైకి రాకుండా ప్లేయర్ కింద పెట్టే స్ప్రింగుల గిన్నెలది, మిగతా సగం కడప బండది. బండంటే ప్రత్యేకంగా కొన్నదేమీ కాదు, పాత ఇళ్లలో గోడలోకి దిగ్గొట్టి కట్టే అలమర అరే. స్పీకర్ల మధ్య చెక్క స్టాండు మీదున్న ప్లేయర్ని దాని మీదికి మార్చిన పూటే తేడా తెలిసింది. పాదాలు కొనేవాళ్లు ముందు ఈ ఖర్చులేని పని చేసి చూడండి.

మాది గుంటూరు బ్రాడీపేట. రైలు పట్టాలు మరీ దూరం కాదు, గూడ్సు పోతుంటే కిటికీ రెక్కలు చప్పుడు చేస్తాయి. అయినా ప్లేయర్‌కి అసలు శత్రువు రైలు కాదు, మన స్పీకర్లే. గాడిలో ముల్లు కదిలేది మైక్రాన్ల లెక్కలో. స్పీకర్ల బేస్ నేల మీదుగా, బల్ల మీదుగా తిరిగి ముల్లు దాకా వస్తే అది పాటో కుదుపో ముల్లు కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే కార్ట్రిడ్జ్‌కి తెలీదు, రెండూ కలిపి ఆంప్లిఫయర్‌కి పంపేస్తుంది. వాల్యూం బాగా పెంచితే హోరు ఎత్తుకుంటుంది. తక్కువలో హోరు వినపడదు గానీ డోలు దెబ్బలో పదును పోతుంది.

నేను మొదట వాడింది ఒక విదేశీ కంపెనీ మెత్తటి పాలిమర్ పాదాలు. పేరు అనవసరం. ఖరీదు మాత్రం గట్టిదే. రెండు రోహిణి కార్తెలు గడిచేసరికి ఒక పక్కకి కుంగాయి, బల్ల పాలిష్ మీద జిడ్డు మరకలు మిగిల్చాయి. అదొక్కటే అయితే సర్దుకునేవాణ్ణి. అసలు లోపం వేరే ఉంది.

స్ప్రింగైనా రబ్బరైనా, బరువు పెట్టగానే ఎంత దిగిందో కొలిస్తే అది తనంతట తాను ఊగే వేగం సుమారుగా లెక్క తేలుతుంది. 10 మిల్లీమీటర్లు దిగితే దాదాపు 5 హెర్ట్జ్, అంటే సెకనుకి 5 ఊపులు. నా పాలిమర్ పాదాల్లాగా 2 మిల్లీమీటర్లే దిగితే 11. ఆ అంకెకి 1.4 రెట్లు దాటాకే అది కంపనాన్ని ఆపడం మొదలుపెడుతుంది. ఆ అంకె దగ్గరైతే ఆపకపోగా ఇంకాస్త పెంచుతుంది. ఇప్పుడు రెండో వైపు చూడండి. టోన్ ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ని మోసే కడ్డీ), కార్ట్రిడ్జ్ జత కూడా తనదైన ఒక వేగం దగ్గర ఊగుతుంది. అది 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య పడేలా చూసుకుంటారు, వంకర రికార్డు తెచ్చే ఊపు దానికి కింద, సంగీతం దానికి పైన ఉంటాయి కాబట్టి. అంటే నా పాలిమర్ పాదాలు సరిగ్గా ఆర్మ్ బలహీనంగా ఉన్నచోటే దాన్ని తోస్తున్నాయన్నమాట. రబ్బరు జాతి వస్తువులు కదలికలో ఇంకా బిగుసుకుంటాయి, కాబట్టి నిజం అంకె 11 కంటే పైనే ఉంటుంది.

స్ప్రింగ్ పాదాల ఖరీదు ఆ పాలిమర్ పాదాల ఖరీదులో నాలుగో వంతు లేదు. ఒక్కో గిన్నెలో చిన్న చిన్న స్ప్రింగులుంటాయి, బరువుని బట్టి తీసేయొచ్చు, చేర్చొచ్చు. ఈ సౌకర్యమే వాటి ప్రాణం. నా ప్లేయర్ డైరెక్ట్ డ్రైవ్ రకం (బెల్టు లేకుండా మోటారే నేరుగా తిప్పేది), 11 కిలోల పైచిలుకు, ఆ బరువు నాలుగు మూలలా సమానంగా పడదు. ఆర్మ్ ఉన్న మూలకి ఒక స్ప్రింగు ఎక్కువ వేసి, ప్లాటర్ (రికార్డు తిరిగే పళ్లెం) మీద రసమట్టం పెట్టి చూసుకుంటూ, నాలుగూ సుమారు 10 మిల్లీమీటర్లు దిగేదాకా మారుస్తూ పోవాలి. ఓపిక లేనివాళ్లు కొనకండి. అన్ని స్ప్రింగులూ అలాగే ఉంచి పెడితే అవి దిగవు, దిగని స్ప్రింగు ఇనుప దిమ్మతో సమానం.

పరీక్ష సులువు. మోటారు ఆపి, ఆగిన రికార్డు మీద ముల్లు దించి, వాల్యూం మెల్లగా పెంచుతూ అరని వేలితో కొట్టండి. చెక్క స్టాండు మీద ధబ్‌మని వచ్చేది, బండ మీద టక్‌మంది, స్ప్రింగులు పెట్టాక చెవి రిక్కిస్తేగానీ లేదు. పాటలో తేడా ఎక్కువగా పట్టిచ్చింది షేక్ చినమౌలానా నాదస్వరం ఎల్పీ. ఆయన పుట్టింది అప్పటి గుంటూరు జిల్లా కరవదిలోనే, మా ఇంట్లో ఆ రికార్డుకి మర్యాద ఎక్కువ. ఇదివరకు డోలు ఎడమ వైపు మోత శ్రుతి మీద పడి దాన్ని మసకబార్చేది. ఇప్పుడు రెండూ విడివిడిగా వినిపిస్తున్నాయి. గీతలుపడ్డ పాత 45లలో (నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డులు) మాత్రం ఏ తేడా లేదు, ఉంటుందని ఎవరైనా అంటే నేను నమ్మను.

చిరాకులూ ఉన్నాయి. చెయ్యి తగిలితే ప్లేయరంతా ఉయ్యాలలా ఊగుతుంది, ముల్లు దించేటప్పుడు చేత్తో కాకుండా ఆర్మ్‌ని ఎత్తి దించే లివర్ వాడటం తప్పనిసరి. మాచర్ల నాపరాయి పలక ఒకటి కోయించి, పాదాలని దాని అంచులకి జరిపి, ప్లేయర్ని పైన పెట్టాక ఊపు చాలావరకు తగ్గింది. బరువు పెరిగింది కాబట్టి స్ప్రింగులు మళ్లీ లెక్కేసుకోవాల్సి వచ్చింది. గాలిలో వచ్చే మోతని ఏ పాదాలూ ఆపవు. రికార్డు తిరిగినంతసేపూ పైమూత తీసి పక్కన పెడతాను, ఈ ఊరి దుమ్ముకి ఆ తర్వాత వెంటనే మూసేయాల్సిందే.

ఆర్మ్ కింద విడిగా మెత్తటి వాషరో, పక్కన వేరే దిమ్మో పెట్టమని చెప్పేవాళ్లున్నారు. వద్దు. ముల్లు చదివేది ఆర్మ్‌కీ రికార్డుకీ మధ్య కదలికని. ఆ రెండూ ఒకే గట్టి చట్రం మీద కలిసి కదిలితే ఇబ్బంది లేదు, విడివిడిగా కదిలితే ఆ తేడా కూడా పాటలో చేరుతుంది. ఏఆర్ (అకౌస్టిక్ రీసెర్చ్) అనే అమెరికా కంపెనీని పెట్టినవాళ్లలో ఒకడైన ఎడ్గార్ విల్చుర్ 1961లో ఏఆర్ టర్న్‌టేబుల్‌ని తెచ్చినప్పుడు ప్లాటర్‌నీ ఆర్మ్‌నీ ఒకే చట్రానికి బిగించి, ఆ చట్రాన్ని మూడు స్ప్రింగుల మీద నిలబెట్టింది ఇందుకే.

నడిస్తే ముల్లు గెంతుతుందని విదేశాల్లో భయపెట్టేది చెక్క నేలల గురించి. మన స్లాబు మీద ఆ బాధ తక్కువ. ఇక లిన్ కంపెనీ ఎల్పీ12 మోడల్ లాగా లోపలే స్ప్రింగులున్న ప్లేయర్ మీదైతే ఈ పాదాల జోలికి పోకండి. స్ప్రింగు మీద స్ప్రింగు పడితే రెండూ ఒకదాన్నొకటి ఊపుకుంటాయి. దానికి గోడలోని బండ చాలు.