రేలా, పొగడా, పారిజాతమా? ఇంటి ముందుకి ఏది మేలు?

తొలకరి పడిందంటే చాలు, ఇదే ప్రశ్న మొదలవుతుంది. "రెండొందల గజాల ఇల్లండీ, గేటు పక్కన కాస్త మట్టి వదిలాం, మంచి పూలచెట్టు ఒకటి చెప్పండి" అని. దాంతోపాటు ఒక ఫొటో వస్తుంది, నిండా పూసిన రేలదో, ఎర్రగా విరగబూసిన తురాయిదో. ఆ పూత ఉండేది కొన్ని వారాలే. మిగతా ఏడాదంతా ఆ చెట్టు ఎలా ఉంటుందని మాత్రం ఎవరూ అడగరు. నన్నడిగితే అసలు చూడాల్సింది అదే, అందులోనూ మే నెలలో మధ్యాహ్నం మూడింటికి దాని కింద నీడ ఉంటుందా లేదా అని.

ముందు తురాయిని పక్కన పెట్టేద్దాం. మడగాస్కర్ నుంచి వచ్చిన ఆ చెట్టు అందానికి వంక పెట్టలేం గానీ, అడ్డంగా పరుచుకుంటుంది, వేళ్లు పైపైనే పాకుతాయి, కొమ్మ పెళుసు. పార్కుల్లో బాగుంటుంది. సంపూ, కాంపౌండు గోడా ఉన్నచోట వద్దు. ఆకాశమల్లె కూడా అంతే, పైగా వేళ్ల నుంచి పిలకలు లేస్తూనే ఉంటాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఎన్ని చెట్లు కూలాయో విశాఖవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇక రేల. పూసినప్పుడు దానికి సాటి లేదు, ఆ బంగారు గుత్తులు వేలాడుతుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూస్తారు. మన అడవుల చెట్టే కాబట్టి ఒకసారి నాటుకున్నాక నీళ్లకి పెద్దగా సతాయించదు. చిక్కేమిటంటే, సరిగ్గా ఎండలు ముదిరే వేళకే ఆకు దులిపేసుకుంటుంది. పూలగుత్తుల సందుల్లోంచి ఎండ నేరుగా కిందికి దిగుతుంది. పూత అయిపోయాక మూరెడు పొడవు నల్లటి కాయలు నెలల తరబడి వేలాడతాయి, రాలినవి కారు కింద నలిగితే లోపలి గుజ్జు జిగటగా నేలకి అంటుకుంటుంది. ఆకులు తినే పచ్చపురుగుల్ని చూసి కంగారుపడి మందు కొట్టకండి, లేత పసుపు సీతాకోకచిలుకలు అయ్యేవి అవే.

పొగడ దీనికి పూర్తిగా ఎదురు. దూరం నుంచి చూస్తే పూసిందో లేదో కూడా తెలియదు, పువ్వు చొక్కా గుండీ అంత ఉంటుంది. కానీ తెల్లారి గేటు తీస్తే నేలంతా మీగడ రంగు నక్షత్రాలు, ఎండిపోయినా వదలని వాసన. దండకి సూది కూడా అక్కర్లేదు, రాలిన పువ్వు మధ్యలో చిల్లు ఉంటుంది, కొబ్బరి ఈనె మీదికి ఒక్కొక్కటీ ఎక్కించేయడమే. ఇదంతా ఒక ఎత్తు, ఏడాది పొడవునా దట్టంగా, ముదురాకుపచ్చగా నిలిచే ఆకు ఒక ఎత్తు. పడమటి గోడ పక్కన ఇది ఉంటే బెడ్‌రూం సాయంత్రం పూట పొయ్యిలా కాలదు. కలప గట్టిది, గాలివానకి తేలిగ్గా విరగదు. లోపం ఒక్కటే, నత్తనడక. అందుకే గింజ నుంచి పెంచే ఓపిక లేనివాళ్లు కడియం నర్సరీల్లాంటి చోట మనిషెత్తు మొక్క తెచ్చుకోవడం నయం, కాకపోతే కొనేముందు సంచి అడుగున వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉన్నాయేమో చూడండి, అలాంటిది తర్వాత గాలికి నిలవదు. కాయలు పండే రోజుల్లో గబ్బిలాలు వస్తాయి, అది భరించాలి.

పారిజాతం జాగా తక్కువున్నవాళ్లకి. త్వరగా పూస్తుంది, చెప్పినట్టు వింటుంది, కత్తిరించినా ఏమీ అనుకోదు. రాత్రి విచ్చుకుని తెల్లారేసరికి రాలిపోతుంది గనక కింద పాత చీర పరిస్తే పూజకి పూలు ఏరుకునే పని కూడా ఉండదు. ఎండాకాలంలో మాత్రం గరుకాకులు రాలి బోడిగా కనిపిస్తుంది, గొంగళి పురుగులు పట్టే అలవాటూ ఉంది. పిల్లలాడే చోట, బట్టలారేసే తీగ పక్కన వేయకండి.

దేవగన్నేరు కొమ్మ గుచ్చితే బతుకుతుంది, కుండీలోనూ సరే, నీడ ఆశించొద్దు. టబెబుయా అనే విదేశీ పూలచెట్టు ఫొటోలకే. ఏడాకుల పాల ఇంటి పక్కన అసలొద్దు, శీతాకాలం మొదట్లో రాత్రిళ్లు ఆ వాసన పడక తలనొప్పి అనేవాళ్లు చాలామంది.

కాబట్టి పడమర, దక్షిణం వైపు మట్టి ఉంటే పొగడే వేయండి, ఇందులో నాకు రెండో మాట లేదు. తూర్పు వైపో, ఉత్తరం వైపో జాగా ఉండి పూల ముచ్చటే కావాలంటే రేల. ఏది వేసినా గోడకీ సెప్టిక్ ట్యాంకుకీ వీలైనంత ఎడంగా, పైన కరెంటు తీగ లేనిచోట వేయండి. జూన్‌లోనే నాటితే ఎండాకాలం వచ్చేలోపు వేరు కుదురుకుంటుంది.