నాలుగు పట్టీల సంచితో ఆరు రాత్రులు

ట్రెక్‌కి బయలుదేరే ముందు రోజు నా బ్యాక్‌ప్యాక్ మూత పడలేదు. 50 లీటర్ల బ్యాగ్‌లో సగం చోటు స్లీపింగ్ బ్యాగే తీసేసుకుంది. అప్పటికప్పుడు వెళ్లి కంప్రెషన్ శాక్ కొన్నాను. పెద్దదైతే ఎప్పుడైనా పనికొస్తుందని 20 లీటర్లది తీసుకున్నాను. ఆ ఎంపిక ఎంత తప్పో ఆరు రాత్రుల్లో బాగా తెలిసొచ్చింది.

ఈ సంచి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. గొట్టంలా ఉండే నైలాన్ సంచి, పైన టోపీలాంటి మూత, మూతని అడుగుతో కలుపుతూ నిలువుగా నాలుగు పట్టీలు. పట్టీలు లాగితే మూత కిందికి దిగి లోపలి గాలి బయటికి పోతుంది. స్లీపింగ్ బ్యాగ్ మందమంతా దాదాపు గాలే కాబట్టి చూస్తుండగానే సగానికి సగం తగ్గిపోతుంది. తగ్గేది పరిమాణమే, బరువు కాదు. పైగా పట్టీలు, బకిల్స్ ఉన్నందుకు మామూలు తాడు సంచి కంటే ఇదే కాస్త బరువు. విమానంలో చేతి సామానుకి బరువు పరిమితి ఉన్నచోట దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

మొదటి రోజు నా ఇబ్బంది సంచి ఆకారంతో. పెద్ద సంచిలో చిన్న స్లీపింగ్ బ్యాగ్ పెట్టి పట్టీలు చివరిదాకా బిగించేసరికి అది గట్టి బంతిలా తయారైంది. దాన్ని బ్యాక్‌ప్యాక్ అడుగున పెడితే నాలుగు మూలలూ ఖాళీగా మిగిలాయి. బంతి ఉబ్బు సరిగ్గా నడుము పైన ఒత్తుకుంది. ఎక్కుడు దారిలో రెండు గంటలు నడిచాక ఆగి, పట్టీలు వదులు చేసి, సంచిని అడ్డంగా పడుకోబెట్టి చేత్తో అదిమాను. అప్పుడది బ్యాగ్ అడుగుని నింపుతూ దిండులా సర్దుకుంది. నడుము నొప్పి అక్కడితో పోయింది. ఎంత బిగిస్తే అంత మేలన్న నా ఆలోచన మారింది కూడా అక్కడే.

బిగించడంలోనూ ఒక పద్ధతి ఉంది. ఒక పట్టీని పూర్తిగా లాగి, తర్వాత రెండోది పట్టుకుంటే మూత ఒక పక్కకి ఒరిగిపోతుంది, కుట్ల మీద భారం పడుతుంది. ఎదురెదురు పట్టీలు రెండేసి కొద్దికొద్దిగా లాగుతూ రావాలి. మోకాలితో పైనుంచి నొక్కిపెట్టి లాగితే పట్టీలకి శ్రమ ఉండదు.

మూడో రోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. బ్యాక్‌ప్యాక్‌కి వాన తొడుగు ఉంది కాబట్టి ధైర్యంగానే నడిచాను. రాత్రి గుడారంలో సంచి విప్పితే స్లీపింగ్ బ్యాగ్ కాళ్ల వైపు చల్లగా తగిలింది. తొడుగుకీ వీపుకీ మధ్య నుంచి కారిన నీళ్లు అడుగున చేరాయి. సంచి గుడ్డకి పూత ఉన్నా కుట్లకి టేప్ లేదు, సూది రంధ్రాల్లోంచి తేమ పాకింది. నాది డౌన్ బ్యాగ్, అంటే లోపల బాతు నూగు. తడిస్తే అది ముద్దకట్టి వెచ్చదనం ఇవ్వదు. చేత్తో పట్టుకుంటే స్లీపింగ్ బ్యాగ్ కుట్ల మధ్య ఉండే గదుల్లో నూగు చిన్న చిన్న ఉండల్లా తగిలింది. ఆ రాత్రి ఉన్న బట్టలన్నీ వేసుకుని, కాళ్లు జాకెట్‌లో దూర్చి పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

నాలుగో రాత్రి బస గుడారంలో కాదు, కొండ మీది చెక్క గదిలో. ట్రెక్ నిర్వాహకులు ఇచ్చిన గుడారాల కంటే నాకు ఇదే నచ్చింది. గుడారంలో ఇద్దరం పడుకుంటే సామాను కాళ్ల దగ్గరే ఉండాలి, తడి గుడ్డ ఆరేసే చోటే లేదు. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తాడు కట్టుకోనిచ్చారు. గాలి బాగా ఆడింది. అయినా నూగు పూర్తిగా ఆరి మళ్లీ పొంగడానికి మర్నాడు మధ్యాహ్నం దాకా పట్టింది, మధ్యమధ్యలో ఉండల్ని వేళ్లతో విడదీస్తూ ఉండాల్సి వచ్చింది.

నాతో వచ్చిన స్నేహితురాలి సంచి చూశాక ఏది కొనాలో తేలిపోయింది. ఆమెది రోల్ టాప్. మూతిని మూడు నాలుగు మడతలు చుట్టి బకిల్ పెట్టేస్తారు, కుట్లన్నీ టేప్ చేసి ఉంటాయి. అడుగున వేరే రకం గుడ్డ, గాలిని బయటికి పోనిస్తుంది గానీ నీటిని లోపలికి రానివ్వదు. అలాంటి అడుగో, గాలి పోయే వాల్వో లేకపోతే మాత్రం మూతి చుట్టాక సంచి బెలూన్‌లా ఉబ్బి ఎంత లాగినా దిగదు. కొనేటప్పుడు తప్పక చూడాల్సింది ఇదే.

సైజు కోసం ఇప్పుడు నేను చేసేది సులువైన పని. స్లీపింగ్ బ్యాగ్‌ని ఎన్ని లీటర్లో తెలిసిన బకెట్‌లో చేత్తో కుక్కి చూస్తాను. చేతి బలంతో పట్టిన పరిమాణమే సంచి సైజు, మిగతాది పట్టీలు చూసుకుంటాయి. నా బ్యాగ్ 13 లీటర్లలో సరిపోయింది. సంచి అడ్డకొలత బ్యాక్‌ప్యాక్ లోపలి వెడల్పు కంటే తక్కువ ఉందో లేదో కూడా టేపుతో కొలుస్తాను.

బట్టల విషయానికొస్తే, జాకెట్ లాంటివి బాగా తగ్గుతాయి. జీన్స్, కాటన్ చొక్కాలు పెద్దగా తగ్గవు, సంచి బరువే దండగ. తడి గుడారాన్ని, కడ్డీల్ని ఇందులో పెట్టనే పెట్టను.

తిరుగు ప్రయాణంలో బస్సు పైన కట్టిన సామానులో నా సంచి పట్టీ ఒకటి క్యారియర్ కడ్డీకి చిక్కుకుని కుట్టు దగ్గర చిరిగింది. వేలాడే కొసల్ని చుట్టి రబ్బరు బ్యాండ్ వేయడం అప్పట్నుంచి అలవాటైంది.

ఇంటికి రాగానే స్లీపింగ్ బ్యాగ్‌ని బయటికి తీసి పెద్ద కాటన్ సంచిలో వదులుగా పెడతాను. నెలల తరబడి నలిగితే నూగైనా సింథటిక్ అయినా పొంగు పోగొట్టుకుంటుంది, సింథటిక్ మరీ త్వరగా. క్యాంప్‌లోనూ అంతే. గుడారం నిలబెట్టగానే ముందు స్లీపింగ్ బ్యాగ్ తీసి, రెండు కొసలూ పట్టుకుని దులిపి పరిచేస్తాను. మిగతా సామాను సర్దుకునేలోపు అది నెమ్మదిగా పొంగుతుంది.