లీజా, కొనుగోలా? ఒంగోలు సలహా సంస్థ ఇచ్చిన నివేదికపై నా అభిప్రాయం

చీమకుర్తి దగ్గర మా భాగస్వామ్య సంస్థకు గ్యాలక్సీ గ్రానైట్ పలకలను పాలిష్ చేసే చిన్న కర్మాగారం ఉంది. 40 లక్షల రూపాయల పాలిషింగ్ యంత్రాన్ని బ్యాంకు అప్పుతో కొనాలా, ఏడాది చివర 10 లక్షల చొప్పున ఐదేళ్లు అద్దె చెల్లించే లీజుకు తీసుకోవాలా అన్నది తేల్చుకోవడానికి ఒంగోలులోని ఒక ఆర్థిక సలహా సంస్థను ఆశ్రయించాము. రుసుము 15,000 రూపాయలు. నివేదిక చెప్పిన గడువుకే అందింది.

మూలధన వ్యయం, అంటే పెట్టుబడిగా పెట్టే డబ్బుపై ఏటా పడే భారం, లెక్కించిన తీరు ఇందులో అన్నిటికంటే బాగుంది. సొంత డబ్బుకు వడ్డీ ఏమిటని నేను అడిగినప్పుడు, అదే డబ్బు బయట నూటికి రూపాయిన్నరకు తిరుగుతున్నప్పుడు దాన్ని యంత్రంలో పెడితే ఏటా 18 శాతం వదులుకున్నట్టే కదా అని వారు ఓపికగా వివరించారు. బ్యాంకు వడ్డీ 11 శాతమైనా, అది ఖర్చు కింద పోయి 31.2 శాతం పన్ను తగ్గుతుంది కనుక అసలు భారం 7.57 శాతమే. మా పెట్టుబడిలో అప్పు 60 పాళ్లు, సొంతం 40 పాళ్లు కాబట్టి సగటు 11.74 శాతంగా తేలింది.

చిక్కు ఆ తరువాత మొదలైంది. ఆ 11.74 శాతాన్నే అన్నిటికీ వర్తింపజేసి, పన్నులో తగ్గేది పోగా లీజు ఖర్చు నేటి విలువలో, అంటే రాబోయే చెల్లింపులను ఆ రేటుతో ఈనాటి సొమ్ముకు కుదించి చూస్తే, 24.96 లక్షలు, కొనుగోలు ఖర్చు 27.89 లక్షలు అని చూపి, లీజే మేలన్నారు. అయితే లీజు అద్దె వ్యాపారం నడిచినా నడవకపోయినా కట్టవలసిన బాకీ. అది బ్యాంకు వాయిదాకు బదులుగా నిలిచేది కనుక దానిని అప్పు రేటుతోనే నేటి విలువకు కుదించాలి. రేటు పెంచితే రాబోయే అద్దెలు చిన్నవిగా కనబడతాయి, ఈరోజు చెల్లించే 40 లక్షలు మాత్రం తగ్గవు. 7.57 శాతంతో లెక్కిస్తే లీజు 27.78 లక్షలకు పెరుగుతుంది, ఏటా 15 శాతం తరుగుదలను (యంత్రం విలువలో తగ్గే భాగాన్ని) ఖర్చుగా చూపడం వల్ల మిగిలే పన్నును, ఐదేళ్ల తరువాత యంత్రం అమ్మితే వచ్చే 12 లక్షలను తీసివేయగా కొనుగోలు 25.93 లక్షలకు దిగుతుంది. తీర్పు తలకిందులైంది.

ఇది ఎత్తి చూపినప్పుడు వారు వాదించకుండా నాలుగు రోజుల్లో, అదనపు రుసుము లేకుండా, సవరించి ఇచ్చారు. పైగా, ఐదేళ్ల తరువాత పాత యంత్రం ఎంతకు పోతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు కనుక ఆ 12 లక్షలకు మాత్రం 11.74 శాతమే వాడాలన్నారు. అది న్యాయమే. అప్పుడు కొనుగోలు 27.37 లక్షలు, అంటే తేడా 41 వేలే. నివేదికలో నేను మళ్లీ మళ్లీ చదివిన పేజీ ఇదే, ఎందుకంటే పాత యంత్రం అమ్మకపు ధర 11 లక్షలకు పడితే లీజే చౌక.

జీఎస్టీ ప్రస్తావన మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టారు. కొంటే 18 శాతం లెక్కన 7.20 లక్షలు ముందే చెల్లించాలి; అది తరువాత సర్దుబాటైనా, మా వంటి చిన్న సంస్థకు ఆ నెలల నగదు కొరత చిన్న విషయం కాదు. యంత్రం సెప్టెంబరులోపే బిగించి వాడటం మొదలుపెడితే మొదటి ఏడాది తరుగుదల పూర్తిగా దక్కుతుందనీ, వాడకం 180 రోజులకు తగ్గితే సగమే వస్తుందనీ గుర్తు చేసినందుకు మాత్రం కృతజ్ఞుడను.

ఐదు నక్షత్రాలకు మూడున్నర ఇస్తాను. మేము పాత యంత్రాల వ్యాపారులను ఇద్దరిని విచారించి, 12 లక్షలు నమ్మదగిన ధరేనని అనిపించాక బ్యాంకులో అప్పుకు దరఖాస్తు పెట్టాము.