పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తు: లేని రూలును ‘లేదు’ అని రాయించే సేవ

ఆధార్‌లో ‘పి. సుబ్బారావు’ అని ఉంటుంది. పదో తరగతి మెమోలో ‘పోలవరపు సుబ్బా రావు’. పాస్‌బుక్‌లో ఇంటిపేరు చివరికి వెళ్లి ‘సుబ్బారావు పోలవరపు’ అవుతుంది. ఇంటిపేరు ముందు రాసే అలవాటున్న తెలుగువాళ్లలో ఈ మూడు పేర్ల గొడవ లేని ఇల్లు అరుదు. కౌంటర్‌లో కాగితం పెట్టగానే ‘ముగ్గురూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ తెండి, రూలు’ అంటారు. తెస్తే ‘దాని మీద గెజిటెడ్ సంతకం కావాలి, రూలు’ అంటారు. అది ఏ రూలని అడిగితే ‘పైనుంచి చెప్పారండి’ అని సమాధానం.

అక్కడ వాదించి గెలిచినవాళ్లు తక్కువ. చెప్పింది తుచ తప్పకుండా చేసి, ఆ తర్వాత ఆ రూలు కాపీ ఇవ్వమని చట్టప్రకారం అడిగితే ఫలితం ఉంటుంది. సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) 2005 అక్టోబర్ 12 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. దాన్ని కుంభకోణాలు బయటపెట్టే ఆయుధంగానే చాలామంది చూస్తారు. పది రూపాయల ఖర్చుతో, ఇంట్లో కూర్చుని, ఒక తెలివితక్కువ రూలు నిజంగా ఉందో లేదో తేల్చుకునే సేవగా అది ఎంత పనికొస్తుందో చూద్దాం. మా లెక్కలో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌కు ఐదుకు నాలుగు, పోస్టు దారికి మూడున్నర, రాష్ట్ర కార్యాలయాలకు రెండున్నర.

దరఖాస్తు కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. దాన్ని వదిలేస్తే మిగతాదంతా వృథా. అడిగిన అఫిడవిట్, అడిగినన్ని జిరాక్సులు, అడిగిన సంతకాలు అన్నీ ఇచ్చేయాలి. ఇచ్చేటప్పుడు పైన ఒక కవరింగ్ లెటర్ పెట్టాలి. అందులో నాలుగు ముక్కలు చాలు: ‘ఫలానా తేదీన మీ కౌంటర్‌లో నోటిమాటగా చెప్పిన ప్రకారం అఫిడవిట్ ఒరిజినల్ ఒకటి, జిరాక్సులు రెండు జతపరిచాను. ఇవి ఏ ఉత్తర్వు కింద అవసరమో నాకు చెప్పలేదు.’ ఇదే లెటర్ రెండో కాపీ మీద రౌండ్ సీలు, తేదీ, పొట్టి సంతకం వేయించుకోవాలి. ఉత్తరాలు తీసుకునే ఇన్‌వర్డ్ విభాగంలో తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి, రసీదును, డెలివరీ అయినట్టు చూపే ట్రాకింగ్ పేజీని ప్రింటు తీసి దాచుకోవాలి.

ఎదురు తిరగకుండా ఇవన్నీ ఎందుకు ఇవ్వాలంటే, ఒక్క కాగితం తగ్గినా రేపు ‘ఆయన అడిగింది ఇవ్వలేదు’ అన్న ఒక్క వాక్యంతో ఫైలు మూసేస్తారు. అన్నీ ఇచ్చాక ఆ మాట చెల్లదు. అంతకంటే ముఖ్యమైన సంగతి, నోటిమాట మీద నడిచే రూలు మీ లెటర్‌తో మొదటిసారి ఫైలెక్కుతుంది. యూనియన్లు ‘వర్క్ టు రూల్’ అనే నిరసన చేసేది ఈ లెక్కతోనే. రూలు బుక్కులో రాసింది రాసినట్టు చేస్తే పని ఎక్కడ ఆగుతుందో యాజమాన్యానికి అప్పుడు కనిపిస్తుంది. ఆర్టీఐ వేసేది మాత్రం మీ పని అయ్యాకే మంచిది. ఫైలు వాళ్ల చేతిలో ఉండగా వేస్తే కొన్నిచోట్ల జాప్యం పెరుగుతుంది.

ఇప్పుడు పోర్టల్. ఇది 2013లో మొదలైంది. కేంద్ర మంత్రిత్వ శాఖలు, వాటి కింది సంస్థలు, ప్రభుత్వ రంగ బ్యాంకుల్లాంటివే ఇందులో ఉంటాయి. రాష్ట్ర కార్యాలయానికి రాసిన దరఖాస్తు ఇక్కడ వేస్తే వెనక్కి వస్తుంది, కట్టిన పది రూపాయలు రావు. చాలామంది మొదట పడే గోతి ఇదే.

సంస్థను ఎంచుకుని, పేరు, చిరునామా నింపాక దరఖాస్తు రాసే పెట్టె వస్తుంది. దాని పరిమితి 3000 అక్షరాలు. అందులో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కామా, చుక్క, గీత, బ్రాకెట్ లాంటి కొన్ని గుర్తులే పడతాయి. రూపాయి గుర్తు పడదు. వర్డ్‌లో టైపు చేసి అతికిస్తే వచ్చే వంకర కొటేషన్ గుర్తులూ పడవు. ఫారం ఎర్రర్ చూపిస్తుంటే ముందు అనుమానించాల్సింది ఆ గుర్తుల్నే. తెలుగు ఒక్క అక్షరం కూడా పడదు. చట్టం సెక్షన్ 6(1)లో మాత్రం ఇంగ్లిష్, హిందీ, లేదా దరఖాస్తు చేసే ప్రాంతపు అధికార భాషలో అడగొచ్చని స్పష్టంగా ఉంది. సమాచార హక్కు కోసం కట్టిన వెబ్‌సైటే ఆ హక్కులో ఒక ముక్కను కత్తిరించేసింది. నాలుగు మార్కుల దగ్గరే ఆగడానికి మాకు పెద్ద కారణం ఇది.

ఇక్కడా వాళ్ల రూలు పాటించే దాటొచ్చు. తెలుగు దరఖాస్తును తెల్లకాగితం మీద రాసి లేదా టైపు చేసి, పీడీఎఫ్ చేయాలి. సైజు 1 ఎంబీ దాటకూడదు. ఒకటి రెండు పేజీలైతే నలుపు తెలుపులో 150 డీపీఐ స్కాన్ సరిపోతుంది. ఫైలు పేరులో ఖాళీ స్పేస్ ఉంటే అప్‌లోడ్ కాదు, కాబట్టి రెండు మాటలుంటే కలిపి రాయండి. పెట్టెలో ‘సెక్షన్ 6(1) ప్రకారం దరఖాస్తు జతపరిచిన పీడీఎఫ్‌లో ఉంది’ అని ఇంగ్లిష్‌లో ఒక్క లైను రాస్తే చాలు.

డబ్బు కట్టాక రిజిస్ట్రేషన్ నంబరు వస్తుంది. ఖాతాలో డబ్బు కోతపడి నంబరు రాకపోతే కంగారుపడి మళ్లీ కట్టొద్దు. బ్యాంకు లెక్క కుదిరాక ఒకటి రెండు పనిదినాల్లో నంబరు అదే వస్తుంది. తెల్లకార్డు లాంటి బీపీఎల్ ఆధారం ఉన్నవాళ్లకు ఫీజు లేదు, ఆధారం కాపీ జతపరచాలి.

ఏం అడగాలన్నది దరఖాస్తు మొత్తంలో ముఖ్యమైన చోటు. ఎక్కువ దరఖాస్తులు చెడేది ‘ఎందుకు’ అన్న ఒక్క మాట వల్ల. ‘నా పేరులో ఇంటిపేరు విప్పి రాస్తే అఫిడవిట్ ఎందుకు అడిగారు?’ అని రాస్తే ‘ఇది సమాచారం నిర్వచనంలోకి రాదు’ అని ఒక్క లైనులో తిప్పికొడతారు, తిప్పికొట్టడం చట్టప్రకారమే అవుతుంది కూడా. రికార్డులో ఉన్నదే సమాచారం. ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఖానాపురం గండయ్య కేసులో 2010 జనవరిలో వచ్చిన తీర్పు కూడా ఇదే చెప్పింది. ఫలానా నిర్ణయం ఎందుకు తీసుకున్నారని ఆర్టీఐ కింద అడగలేం, రికార్డులో ఉన్నదాని కాపీ అడగగలం. అందుకని ప్రశ్నలను ఇలా తిప్పుకోవాలి:

‘1. పేరులోని ఇంటిపేరు అక్షరం విప్పి రాసి ఉన్నప్పుడు నోటరీ అఫిడవిట్ తీసుకోవాలని చెప్పే ఉత్తర్వు లేదా సర్క్యులర్ కాపీ, నంబరు, తేదీతో ఇవ్వగలరు.
2. ఆ అఫిడవిట్ మీద గెజిటెడ్ అధికారి సంతకం ఉండాలని చెప్పే ఉత్తర్వు కాపీ ఇవ్వగలరు.
3. ఫలానా నంబరు గల నా దరఖాస్తుకు సంబంధించిన ఫైలు నోట్ షీట్ల కాపీలు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఇవ్వగలరు.
4. పై 1, 2 అంశాలకు సంబంధించిన ఉత్తర్వు మీ రికార్డులో లేకపోతే, లేదని రాతపూర్వకంగా తెలపగలరు.’

నాలుగో అంశమే ఈ దరఖాస్తుకు ప్రాణం. ఒకటో అంశం దగ్గర సెక్షన్ 4(1)(బి)(5) అని కూడా రాయండి. ప్రతి కార్యాలయం తన ఉద్యోగులు వాడే నియమాలు, సూచనలు, మాన్యువళ్ల వివరాలను ఎవరూ అడక్కుండానే ప్రచురించాలని ఆ క్లాజు చెబుతుంది. ఒక రూలుతో జనాన్ని తిప్పుతూ ఆ రూలును ఎక్కడా చూపించని ఆఫీసుకు దీని ముందు జవాబు ఉండదు. ఇంకా ‘ఎందుకు’ అడగాలనే ఉంటే సెక్షన్ 4(1)(డి) పేరు చెప్పి, నిర్ణయానికి రికార్డులో రాసిన కారణాల కాపీ ఇమ్మనండి. ప్రభావితులకు కారణాలు చెప్పడం కార్యాలయం బాధ్యత అని ఆ క్లాజులో ఉంది.

మీకు ఈ సమాచారం దేనికో చెప్పనక్కర్లేదు. సెక్షన్ 6(2) అది అడగకూడదనే చెబుతుంది. కోపం, కథ, ఉద్యోగి పేరు రాయొద్దు. కేంద్ర నిబంధనల ప్రకారం దరఖాస్తు మామూలుగా 500 పదాల్లోపు ఉండాలి. దాటినంత మాత్రాన తిరస్కరించకూడదనీ అదే రూలులో ఉంది. అయినా పైన చూపింది అర పేజీ కూడా కాదు. పొడవు పెరిగేకొద్దీ అధికారికి తప్పించుకునే సందులు పెరుగుతాయి.

జవాబు నాలుగు రకాలుగా వస్తుంది. సర్క్యులర్ కాపీ వస్తే మొత్తం చదవండి. కౌంటర్‌లో చెప్పే రూలు చాలాసార్లు కాగితం మీది రూలు కంటే పెద్దదిగా ఉంటుంది. ‘అవసరమైతే అడగవచ్చు’ అన్న మాట కౌంటర్‌కు చేరేసరికి ‘తప్పనిసరి’ అయిపోతుంది. ‘వెబ్‌సైట్‌లో చూసుకోండి’ అని వస్తే, ఏ పేజీయో చెప్పలేదని అదే సంస్థలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయండి. ‘అటువంటి ఉత్తర్వు ఈ కార్యాలయ రికార్డులో లేదు’ అని వస్తే అది అన్నిటికన్నా విలువైన జవాబు. ఒక అధికారి తన సంతకంతో, తేదీతో, ఇన్నాళ్లూ అడిగిన కాగితానికి ఆధారం లేదని ఒప్పుకున్నట్టు. దాన్ని జతపరిచి, ఆ అఫిడవిట్ అడగడం ఆపమని కార్యాలయ అధిపతికి రాయొచ్చు. కేంద్ర సంస్థలైతే కేంద్రం ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో, జిల్లా స్థాయి విషయాలైతే తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా ఫిర్యాదుల వేదిక పీజీఆర్‌ఎస్‌లో పెట్టొచ్చు. మీ వెనక లైనులో నిలబడే ప్రతి ఒక్కరికీ అది పనికొస్తుంది.

నాలుగోది మౌనం. దరఖాస్తు వాళ్లకు అందినప్పటి నుంచి 30 రోజులు గడువు. తప్పు ఆఫీసుకు వెళ్తే 5 రోజుల్లోపు సరైన చోటికి బదిలీ చేయాలి. కాపీల ఖర్చు కట్టమని వాళ్లు లెటర్ పంపిన రోజు నుంచి మీరు కట్టే రోజు వరకు గడియారం ఆగుతుంది, కాబట్టి పేజీకి 2 రూపాయల లెక్క రాగానే ఆలస్యం చేయకుండా కట్టేయండి. గడువు దాటితే సెక్షన్ 7(6) ప్రకారం సమాచారం ఉచితం. 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి, కేంద్ర సంస్థల్లో దానికి ఫీజు లేదు. అప్పీలు తేలడానికి 30 రోజులు, కారణం రాస్తే 45. తర్వాత 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది.

పోస్టు దారిలో పది రూపాయల ఇండియన్ పోస్టల్ ఆర్డర్ (ఐపీఓ) కొనాలి, రూపాయి కమిషన్‌తో కలిపి పదకొండు అవుతుంది. ‘అకౌంట్స్ ఆఫీసర్’ పేర, ఆ సంస్థ పేరు కలిపి నింపండి. ఐపీఓ నంబరును దరఖాస్తులో రాసి, ఫొటో తీసి, కౌంటర్‌ఫాయిల్ చింపి దాచుకోండి. కోర్టు ఫీ స్టాంపు కేంద్ర కార్యాలయాలకు చెల్లదు. అంటించి పంపితే ఫీజు కట్టనట్టే లెక్క.

రాష్ట్ర కార్యాలయాల ఫీజు తక్కువే. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో పెట్టిన లెక్క ప్రకారం గ్రామ స్థాయిలో ఏమీ లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. నగదు కడితే రసీదు తప్పకుండా తీసుకోండి. ఇబ్బంది పైస్థాయిలో ఉంది. తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు ఒక్క కమిషనర్ కూడా లేరు. రెండో అప్పీలు వినే దిక్కే లేనప్పుడు కింది అధికారికి గడువు భయం ఎక్కడుంటుంది? రెండున్నర మార్కులు అందుకే. అయినా ‘ఉత్తర్వు కాపీ ఇవ్వండి, లేకపోతే లేదని రాయండి’ అన్న చిన్న ప్రశ్నకు పెద్ద గుట్టల సమాచారం అడిగినదానికంటే త్వరగా జవాబు వస్తుంది, వెతకడానికి పెద్దగా ఏమీ ఉండదు కనక.

ప్రైవేటు బ్యాంకు, ప్రైవేటు బీమా, కార్పొరేట్ కాలేజీ ఈ చట్టం కిందికి నేరుగా రావు. ప్రైవేటు బ్యాంకు విషయంలో ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా జవాబు సరిగ్గా లేకపోతే, ఖాతాదారుల ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో వెళ్లొచ్చు, దానికి రుసుము లేదు. అక్కడా మొదట కావాల్సింది ఆ సీలు పడిన కవరింగ్ లెటరే.