శాంప్లర్ అప్‌డేట్: వెంటనే చేయాలా, ఆపాలా, రెండు వెర్షన్లూ ఉంచుకోవాలా?

మా వైపు క్రిస్మస్ పాటల పని అక్టోబర్‌లో మొదలై డిసెంబర్ మొదటి వారం దాకా సాగుతుంది. ఏలూరు, గుంటూరు, విజయవాడల్లో నాలాంటి కీబోర్డ్ ప్రోగ్రామర్లకు అప్పుడు నిద్ర తక్కువ. మూడేళ్ల కిందట సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక రాత్రి, శాంప్లర్‌తో (రికార్డు చేసిన వాయిద్యాల శబ్దాలను కీబోర్డు మీద వాయించే సాఫ్ట్‌వేర్) పాటు అందులో వాడే వీణ లైబ్రరీని (ఆ శబ్దాల, అంటే శాంపిల్స్ సంపుటిని) కూడా అప్‌డేట్ చేశాను. తెల్లారి పాస్టర్ గారి ఫోన్. "బ్రదర్, రెండో చరణంలో వీణ కొంచెం తగ్గించి పంపండి, సాయంత్రం సీడీకి ఇచ్చేయాలి." "అలాగే అయ్యగారూ, అరగంటలో పంపిస్తాను" అన్నాను. సెషన్, అంటే ఆ పాట ప్రాజెక్ట్ ఫైల్, తెరిస్తే శాంపిల్స్ దొరకడం లేదని ఒక పెద్ద జాబితా వచ్చింది. కొత్త లైబ్రరీలో ఫోల్డర్ల పేర్లు మారిపోయాయి.

పోనీ అని కొత్త ప్యాచ్ (శాంపిల్స్‌నీ వాటి సెట్టింగులనీ కలిపే వాయిద్యం ఫైల్) తీసుకుని అదే ట్రాక్ మీద పెట్టాను. సౌండ్ వచ్చింది, పాట మాత్రం పోయింది. పాత ప్యాచ్‌లో పిచ్ బెండ్ రేంజ్, అంటే స్వరాన్ని వంచగలిగే దూరం, 12 సెమిటోన్లు, కొత్తదాంట్లో 2. షడ్జమం నుంచి పంచమం దాకా వెళ్లాల్సిన జారు శుద్ధ రిషభం దాటీ దాటకుండా ఆగిపోయింది. రేంజ్ సరిచేశాక కూడా మీటు ఆలస్యంగా పడుతున్నట్టు వినిపించింది. ఆ అరగంట పని రాత్రి పదకొండు దాకా సాగింది.

అప్పటి నుంచి ఈ విషయంలో నేను మూడు పద్ధతులూ పాటించి చూశాను. ఏది ఎవరికి పనికొస్తుందో చెప్తాను.

మొదటిది, అప్‌డేట్ రాగానే చేసేయడం. ఇది తెలివితక్కువ పని అని నేను అనను. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్లు, డెడ్‌లైన్ లేకుండా సొంత పాటలు చేసుకునేవాళ్లు ఇలాగే ఉండొచ్చు. బగ్స్ పోతాయి, కొత్త లైబ్రరీలు తెరుచుకుంటాయి. కొన్న లైబ్రరీ పేజీలో 'ఫలానా వెర్షన్ లేదా ఆపైన ఉండాలి' అని రాసి ఉంటే పాత శాంప్లర్‌తో ఏమీ చేయలేం. పాటలు చేసే సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎల్ స్టూడియో వాడేవాళ్లకైతే అప్‌డేట్లు జీవితాంతం ఉచితం, డబ్బు గురించి ఆలోచించే పని లేదు. కాకపోతే ఒక పాట సగంలో ఉండగా చేసే అప్‌డేట్, బండి నడుస్తుండగా చక్రం మార్చడమే. పాట క్లయింట్‌ది, డబ్బులు అడ్వాన్స్ తీసుకున్నాం అన్నప్పుడు ఈ పద్ధతి వద్దు.

రెండోది, అసలు ముట్టుకోకపోవడం. సిస్టమ్ బాగా నడుస్తోందంటే నెట్ తీసేసి అలాగే వదిలేయడం. పెద్ద స్టూడియోల్లో చాలామంది ఏళ్ల తరబడి ఇలాగే పనిచేశారు. నిన్న మూసిన సెషన్ ఇవాళ అలాగే తెరుచుకుంటుంది. ఆ నిశ్చింత ఎంత విలువైనదో సీజన్‌లో పనిచేసినవాళ్లకు తెలుసు.

కానీ మనం కదలకపోయినా చుట్టూ ఉన్నవి కదులుతాయి. 2019 అక్టోబర్‌లో మ్యాక్ ఓఎస్ కాటలీనా వచ్చి 32 బిట్ ప్రోగ్రాములన్నింటినీ ఒక్కసారిగా పక్కన పెట్టింది. స్టెయిన్‌బర్గ్ కంపెనీ తన పాటల సాఫ్ట్‌వేర్ క్యూబేస్ 12తో, అంటే 2022లో, యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్స్ ఉండే చిన్న పరికరం) వదిలేసి కొత్త లైసెన్స్ పద్ధతికి వెళ్లింది. ఆ డాంగిల్ లైసెన్సులు చూసుకునే పాత ఇ-లైసెన్సర్ సేవను 2025 మే 20తో ఆపేసింది. పాత క్యూబేస్ మీద ఉన్నవాళ్లకు డాంగిల్ ఉన్నన్నాళ్లూ నడుస్తుంది. అది పోయినా, విరిగినా లైసెన్స్ మళ్లీ రాదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంకా వెనక్కి వెళ్తే, ఒకప్పుడు ఆర్కెస్ట్రా శాంపిల్స్ అంటే గిగాస్టూడియో అనే శాంప్లర్ పేరే చెప్పేవాళ్లు. 2008లో టాస్కామ్ దాన్ని ఆపేసింది. ఆ ఫార్మాట్‌లో లైబ్రరీలు కొన్నవాళ్లు వాటిని వేరే శాంప్లర్‌లోకి మార్చుకోవాల్సి వచ్చింది.

ఇంకొక చిక్కు. ఆగిపోయిన సిస్టమ్ హార్డ్ డిస్క్ పాడైతే అదే సిస్టమ్‌ని మళ్లీ కట్టలేం. ఆ పాత ఇన్‌స్టాలర్లు మన దగ్గర ఉండవు, చాలాసార్లు కంపెనీ సైట్లో కూడా సులువుగా దొరకవు. కాబట్టి ఈ పద్ధతిలో ఉండేవాళ్లు డిస్క్ మొత్తాన్ని క్లోన్ చేసి ఇంకో డ్రైవ్‌లో దాచుకోవాలి. ఆ క్లోన్ లేకపోతే ఆ నిశ్చింతకు ఆధారం లేనట్టే.

మూడోది నేను ఇప్పుడు పాటిస్తున్నది: పాతదీ కొత్తదీ పక్కపక్కన ఉంచుకోవడం. దీని గురించే కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని సగమే చేసి దెబ్బ తింటారు.

కాంటాక్ట్ అనే శాంప్లర్‌నే తీసుకుందాం. కాంటాక్ట్ 7 2022లో, 8 2024లో వచ్చాయి. 6, 7, 8 మూడూ ఒకే కంప్యూటర్‌లో వేర్వేరు ప్లగిన్లుగా (పాటల సాఫ్ట్‌వేర్ లోపల తెరుచుకునే ప్రోగ్రాములుగా) ఉండగలవు. 6తో చేసిన సెషన్ 6నే వెతుకుతుంది. కొత్తది వేశాం కదా అని పాతది తీసేస్తే ఆ పాటల్లో ట్రాకులు ఖాళీగా ఉంటాయి. ప్లగిన్ తినే చోటు కొద్దిగానే, అసలు బరువంతా శాంపిల్స్‌ది. కాబట్టి పాత ప్లగిన్ తీసేసి మిగిల్చుకునేది ఏమీ లేదు.

అయితే ఇది ఒకవైపే తెరుచుకునే తలుపు. పాత వెర్షన్‌లో సేవ్ చేసిన ప్యాచ్ కొత్తదాంట్లో తెరుచుకుంటుంది, కొత్తదాంట్లో సేవ్ చేసింది పాతదాంట్లో తెరుచుకోదు. ఇక్కడే బ్యాచ్ రీ-సేవ్ అనే కమాండ్ దగ్గర జాగ్రత్తగా ఉండాలి. లైబ్రరీని కొత్త ఎస్ఎస్‌డీకి మార్చాక ప్యాచ్‌లన్నీ త్వరగా లోడ్ కావాలని అందరూ ఇది వాడతాం. కొత్త వెర్షన్‌లో దాన్ని నడిపితే ఆ ఫోల్డర్లోని ప్యాచ్‌లన్నీ కొత్త వెర్షన్‌వి అయిపోతాయి. పాతదాన్ని ఇంకా వాడుతుంటే రీ-సేవ్ పాతదాంట్లోనే చేయండి, దానికి ముందు ఫోల్డర్ కాపీ తీసుకోండి.

అసలు పొరపాటు జరిగేది ప్లగిన్ దగ్గర కాదు, లైబ్రరీ దగ్గర. ప్లగిన్లు రెండు ఉండొచ్చు, లైబ్రరీ ఫోల్డర్ మాత్రం ఒక్కటే. దాన్ని అప్‌డేట్ చేస్తే పాతది చెరిగిపోతుంది. మన సెషన్‌లో సేవ్ అయ్యేది ఆ రోజటి ప్యాచ్ సెట్టింగులు, శాంపిల్స్ ఎక్కడున్నాయనే దారి, అంతే. శాంపిల్స్ సెషన్‌లో ఉండవు. కొత్త లైబ్రరీలో ఒక ఫైల్ పేరు మారినా పాత సెషన్ దాన్ని కనుక్కోలేదు. నా వీణకి జరిగింది ఇదే. ఇప్పుడు ఏ లైబ్రరీ అప్‌డేట్ అయినా ముందు పాత ఫోల్డర్‌ని తారీఖు వేసి బయటి డ్రైవ్‌లోకి కాపీ చేస్తాను, తర్వాతే బటన్ నొక్కుతాను.

పాటలు చేసే సాఫ్ట్‌వేర్ సంగతికొస్తే, క్యూబేస్ పెద్ద వెర్షన్లు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. రీపర్‌ని పోర్టబుల్ ఇన్‌స్టాల్‌గా వేరే ఫోల్డర్లో పెట్టుకోవచ్చు, ఈ పనికి అంత హాయైన సాఫ్ట్‌వేర్ నేను ఇంకొకటి చూడలేదు. లాజిక్ ప్రో యాప్ స్టోర్ నుంచి ఎప్పుడూ తాజా వెర్షనే వస్తుంది కాబట్టి, అప్‌డేట్‌కి ముందు ఉన్న యాప్‌ని జిప్ చేసి దాచుకోవాలి. ఏది వాడినా పాత సెషన్‌ని కొత్త వెర్షన్‌లో తెరిచిన వెంటనే వేరే పేరుతో సేవ్ చేయండి. చేతికి అలవాటైన కంట్రోల్-ఎస్ ఒక్కసారి పడిందంటే అది కొత్త వెర్షన్ ఫైల్ అయిపోతుంది.

ఆపిల్ సిలికాన్ (ఆపిల్ సొంత చిప్ ఉన్న) మ్యాక్ మీద ఉన్నవాళ్లకు ఈ మూడో పద్ధతికి కూడా గడువు ఉంది. పాత ఇంటెల్ ప్లగిన్లు రొజెట్టా (ఇంటెల్ ప్రోగ్రాములను ఈ చిప్ మీద నడిపే ఆపిల్ సాఫ్ట్‌వేర్) ద్వారా నడుస్తున్నాయి. దాన్ని పూర్తిగా ఇచ్చేది మ్యాక్ ఓఎస్ 27 వరకేనని ఆపిల్ 2025లో చెప్పింది. క్యూబేస్‌ని రొజెట్టా లేకుండా నడిపితే వీఎస్‌టీ2 (పాత ప్లగిన్ ఫార్మాట్) ప్లగిన్లు కనిపించవు. పాత వీఎస్‌టీ2 ట్రాకులున్న పాటలు మీ దగ్గరుంటే ఇప్పుడే తెరిచి ఆడియోగా తీసి పెట్టుకోండి.

ఆడియోగా తీయడం గురించి చాలామంది బద్ధకిస్తారు, డిస్క్ నిండిపోతుందని. లెక్క చూడండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఐదు నిమిషాల స్టీరియో ట్రాక్ సుమారు 86 ఎంబీ. ముప్పై ట్రాకుల పాటకి 2.6 జీబీ. ఒక లైబ్రరీకే అంతకు పదింతల చోటు ఇస్తున్నాం, మనం చేసిన పాటకి ఆ మాత్రం ఇవ్వలేమా? దాంతో పాటు మిడి ఫైల్ (ఏ స్వరం ఎప్పుడు వాయించామో ఉండే ఫైల్) తీసి, పిచ్ బెండ్ రేంజ్ ఎంతో ట్రాక్ పేరులోనే రాయండి. నేను 'వీణ బెండ్ 12' అని రాస్తాను.

కాబట్టి నా మాట ఇది. క్లయింట్ పని చేసేవాళ్లకు మూడో పద్ధతే మేలు. సీజన్ నడుస్తున్న రెండు నెలలు మాత్రం రెండో పద్ధతికి మారిపోండి, ఏదీ ముట్టుకోవద్దు. మిగతా రోజుల్లో అప్‌డేట్ చేసేటప్పుడు ముందు లైబ్రరీ కాపీ, తర్వాత శాంప్లర్, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్, అన్నిటికన్నా చివర ఆపరేటింగ్ సిస్టమ్. ఆడియో ఇంటర్‌ఫేస్ డ్రైవర్ కొత్త ఓఎస్‌లో పనిచేస్తుందని కంపెనీ చెప్పేదాకా ఓఎస్ జోలికి వెళ్లొద్దు. ఒకేరోజు రెండు అప్‌డేట్లు చేస్తే చెడింది ఏదో తెలుసుకోవడానికే ఒక పూట పోతుంది.

పోయిన నెల అదే పాస్టర్ గారు ఆ పాటకి గొంతు లేని ట్రాక్ కావాలన్నారు, సంఘంలో పిల్లలు పాడతారట. సెషన్ తెరవలేదు. ఆ రాత్రి పదకొండు గంటలకి బౌన్స్ చేసి, అంటే ఆడియోగా తీసి, పెట్టిన ట్రాకులు ఫోల్డర్లో ఉన్నాయి. గొంతు ట్రాకులు మ్యూట్ చేసి పది నిమిషాల్లో పంపించాను.