షాంఘై బృంద యాత్ర: నాలుగు రోజుల్లో నగరానికి దక్కినదెంత?

హైదరాబాదులోని ఒక ట్రావెల్ సంస్థ ద్వారా 32 మందిమి షాంఘైలో నాలుగు రోజులు గడిపి వచ్చాము. వీసా పనులలో గానీ, గదుల కేటాయింపులో గానీ, బస్సు వేళలలో గానీ సంస్థను తప్పుపట్టవలసినది ఏమీ లేదు. మా బృందంలో సగం మంది అరవై దాటినవారు. చైనా అక్షరం ఒక్కటీ రాకపోయినా వారెక్కడా తికమకపడలేదంటే ఆ ఘనత టూరు మేనేజరుదే. నా పేచీ అంతా సమయాన్ని పంచిన తీరుతోనే.

యూ ఉద్యానానికి మాకు ఇచ్చినది నలభై నిమిషాలు. మింగ్ వంశ కాలపు అధికారి పాన్ యున్‌డువాన్ తన తండ్రి కోసం 1559లో మొదలుపెట్టి 1577 నాటికి గానీ పూర్తిచేయలేకపోయిన తోట అది. అక్కడ ఒక గోడ పైభాగమంతా డ్రాగన్ ఒళ్లుగా మెలికలు తిరుగుతూ సాగుతుంది. పెంకులే దాని పొలుసులు. మేము దాని తల దగ్గరకు చేరేసరికి గైడు జెండా వాకిలి దాటిపోయింది.

అదే మధ్యాహ్నం, కార్యక్రమ పత్రంలో ‘పట్టు మ్యూజియం’ అని రాసిన చోట గంటన్నర కూర్చోబెట్టారు. అది దుకాణం. రెండు పురుగులు కలిసి కట్టిన గూటి నుంచి దారం సాఫీగా రాదు కనుక దానిని బొంతలకు వాడతారని చెప్పి, మాలో నలుగురి చేత తలా ఒక కొస పట్టించి లాగించారు; చేతిరుమాలంత ఉన్న పట్టు పొర చూస్తుండగానే సాలెగూడంత పలుచనై మంచమంత పరుచుకుంది. ముచ్చటైన దృశ్యమే, కానీ అది పది నిమిషాలు. మిగిలినదంతా బొంతల బేరం. “ధర్మవరం వాళ్లకా పట్టు పాఠం?” అని మాతో వచ్చిన ఒక పెద్దావిడ నవ్వేశారు.

632 మీటర్ల షాంఘై టవర్‌లో 118వ అంతస్తుకు లిఫ్టు నిమిషంలోపే చేర్చింది గానీ, ఆ రోజు అద్దాల అవతల మబ్బు తప్ప మరేమీ లేదు. మరునాడు ఆకాశం తేటపడినా, టిక్కెట్లు ముందే కొన్నందున మార్చలేమన్నారు. అయస్కాంత బలంతో పట్టాను తాకకుండా తేలుతూ పోయే మాగ్లెవ్ రైలు మాత్రం నిరాశపరచలేదు. విమానాశ్రయం వైపు 30 కిలోమీటర్లు ఎనిమిది నిమిషాల్లో ముగిశాయి. భోజనం రోజూ భారతీయ హోటల్లోనే, రోజూ అదే పనీరు. నా ఆవకాయ సీసా మూడో రాత్రికే ఖాళీ అయింది.

ఆఖరి సాయంత్రం స్వేచ్ఛగా వదిలారు. నలుగురం మెట్రోలో బండ్ తీరానికి వెళ్లి, 1927 నాటి కస్టమ్స్ భవనపు గడియారం వెనుకగా, హువాంగ్‌పు నది ఎదురుగా ఉండేటట్లు నిలబడి, ఆవలి ఒడ్డున పుడోంగ్ మేడలు వెలిగి ఆరేదాకా చూశాము. నాలుగు రోజులలో షాంఘైని చూసినట్లు అనిపించినది అప్పుడే.

వెళ్లేవారికి ఒక మాట: స్థానిక వైఫైలో వాట్సాప్, గూగుల్ పనిచేయవు, మాలో మన సిమ్ మీదే రోమింగ్ తీసుకున్నవారికి పనిచేశాయి. చైనాలో ఫోనుతో డబ్బు చెల్లించే యాప్ అలీపేలో మీ కార్డును బయలుదేరే ముందు ఇక్కడే జతచేసుకోండి. తల్లిదండ్రులను పంపడానికి ఈ సంస్థను నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. నేను మాత్రం ఈసారి విడిగానే వెళ్తాను. అభిప్రాయ పత్రంలో ‘మ్యూజియం’ అన్న మాట కొట్టేసి ‘దుకాణం’ అని దిద్ది ఇచ్చాను.